వినపడకపోతే లేనట్టేనా?

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఈ మాట ఎవరు కనిపెట్టారో గాని, మాట్లాడే అలవాటు దండిగా వున్నవాళ్ళే కనిపెట్టి వుంటారని నా అనుమానం. ఎదుటివాళ్ళు నోరు విప్పకపోతే సగం అంగీకారం అప్పటికప్పుడు మన ఖాతాలో పడిపోతుంది. మిగతా సగం మనమే వేసుకుంటాం. పెళ్ళిచూపుల్లో తలవంచుకు కూర్చున్న పిల్ల దగ్గర్నుంచి, పెరట్లో చెట్టు కొట్టించేముందు ముసలాయన్ని ఓ మాట అడగడం దాకా, మన ఇళ్ళల్లో ఎన్ని నిర్ణయాలు ఈ లెక్కమీద జరిగిపోయాయో మీకూ తెలుసు. జవాబు వినపడలేదంటే జవాబు లేదనా? మనిషి గొంతు వినపడలేదంటే అక్కడ మనిషే లేనట్టా?

వేదాంతుల ప్రశ్నలా వుంది కదూ! కాని నన్ను దీనిమీద ఇంతగా ఆలోచింపజేసింది ఏ ఉపనిషత్తూ కాదు. మా మరిది కొనుక్కొచ్చిన ఓ పాత వైర్‌లెస్ సెట్టు.

మా మరిది బ్యాంకులో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో హామ్ రేడియో అతని వ్యసనం. ఇది అల్లాటప్పా వ్యవహారం కాదు సుమండీ. కేంద్ర ప్రభుత్వపు టెలికాం శాఖవాళ్ళు పరీక్ష పెట్టి, ప్యాసైతే లైసెన్సూ, ఓ గుర్తింపు పేరూ ఇస్తారు. ఆ పేరు చెప్పే గాలిలోకి మాట్లాడాలి. అతను తెచ్చిన సెట్టు మోటరోలా వాళ్ళ జీఎం 300 అట. 1990లలో కార్లలో, లారీల్లో, జీపుల్లో బిగించుకునేవారు. నల్లగా, బరువుగా, ఇటుకలా వుంది. దానికి పొడుగాటి మెలికల తీగతో మైకు. చేత్తో పట్టుకుని బొత్తాం నొక్కితే మనం మాట్లాడాలి, వదిలితే అవతలివాళ్ళది వినాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఈ ఒక్క సుగుణానికే ఇంటికొకటి వుంటే బాగుండుననిపించింది నాకు.

మన ఇళ్ళల్లో పాటలు విన్న రేడియోలాగా దీనికి స్టేషను తిప్పుకునే మర వుండదు. ఏ ఛానెల్లో ఏ ఫ్రీక్వెన్సీ అన్నది ముందే లోపల రాసి పెట్టాలి. పూర్వం ఇలాంటి సెట్లలో ఆ పని స్ఫటికాలు చేసేవట. ఫలానా ఫ్రీక్వెన్సీకని కొలతపెట్టి అరగదీసిన చిన్న క్వార్ట్‌జ్ పలకలన్నమాట. ఛానెలు మార్చాలంటే కొత్త స్ఫటికం తెప్పించుకుని బిగించాలి. ఆ తరవాతి తరం సెట్లలో స్ఫటికాల బదులు జ్ఞాపకం పెట్టుకునే చిప్పు వచ్చింది. అందులో రాసుకునే జాబితాకి కోడ్‌ప్లగ్ అని పేరు. ఎక్కడ వినాలి, ఎక్కడ మాట్లాడాలి, ఎంత బలంగా మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడనివ్వాలి, ఎవరి మాట వినిపించాలి, ఎవరిది వినిపించకూడదు, అన్నీ అందులోనే. రాయడానికీ చెరపడానికీ కంప్యూటరు కావాలి.

మా ఇంట్లో కంప్యూటరుకి కొదవేముంది? పిల్లలకొకటి, మావారికొకటి. కాని ఏదీ పనికిరాలేదు. ఈ సెట్టుతో మాట్లాడే సాఫ్ట్‌వేరు డాస్ కాలంనాటిది. నల్లటి తెరమీద అక్షరాలు తప్ప బొమ్మలుండవు. కంప్యూటరుకి సీరియల్ పోర్టు అని తొమ్మిది సూదుల ముఖం వుండాలి. ఇప్పటివాటికి ఆ ముఖమే లేదు. వున్నా సరిపోదు. కంప్యూటరు మాట పన్నెండు వోల్టుల ఫాయాలో వుంటే, రేడియో అయిదు వోల్టుల్లో గొణుగుతుందిట. అంచేత మధ్యలో ఓ చిన్న పెట్టె పెట్టాలి. దాని ఇంగ్లీషు పేరేదో చెప్పాడు గాని, నేను మటుకు దుబాసీ పెట్టె అన్నాను. ఆ పేరే ఖాయమైపోయింది.

ముందు మా అబ్బాయి పాత టేబుల్ కంప్యూటరుతో ప్రయత్నం చేశారు. దానికి అదృష్టవశాత్తూ సీరియల్ ముఖం వుంది. తీగలన్నీ తగిలించి "చదువు" అని ఆజ్ఞ ఇస్తే, క్షణంలో "రేడియో జవాబు చెప్పడం లేదు" అని తెరమీద పడింది. తీగలు మార్చారు. దుబాసీని మార్చారు. మళ్ళీ అదే మాట. రేడియో చచ్చిపోయిందని మా అబ్బాయి తీర్మానించేశాడు. మా మరిది మాత్రం, "రేడియో బాగానే వుంది. నీ కంప్యూటరుకే ఓపిక లేదు," అన్నాడు.

అది పరిహాసానికి అన్నమాట కాదు. అసలు సంగతే అది. కంప్యూటరు రేడియోని "నీలో ఏముంది?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగాలి. ఎంతసేపు ఆగాలో ఆ కాలపు ప్రోగ్రాములు గడియారం చూసి తెలుసుకునేవి కావు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగేవి. ఆనాటి నిదానపు కంప్యూటరు ఆ లెక్క పూర్తిచేసేసరికి రేడియో జవాబు వచ్చేసేది. మరి ఇప్పటి కంప్యూటరో? దాగుడుమూతల్లో వంద లెక్కపెట్టమంటే గడగడా చదివేసి కళ్ళు తెరిచే పిల్లాడిలాగా, లెక్క చిటికెలో ముగించేస్తుంది. రేడియో ఇంకా గొంతు సవరించుకుంటూనే వుంటుంది. "జవాబు లేదు" అని రాసేసి చేతులు దులుపుకుంటుంది.

చివరికి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో వెతికి వెతికి, ఓ పాత 486 ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. బ్యాటరీ లేదు, మూత నిలవదు, గోడకి ఆనించాలి. దానికి తగిలించేసరికి రేడియో పిల్లిలా తన చరిత్రంతా చెప్పేసింది! ఇన్నాళ్ళూ అది జవాబు చెబుతూనే వుంది. వినే ఓపికున్నవాళ్ళు ఎదురుగా లేరు, అంతే.

ఇది చూస్తున్నంతసేపూ నా మనసు మా పెద్దత్తయ్యగారి మీదికే పోయింది. ఆవిడ మావారికి మేనత్త. ఎనభై నాలుగేళ్ళు. పక్షవాతం వచ్చి తగ్గాక నడక వచ్చింది, చెయ్యి వచ్చింది, మాట మాత్రం ఆలస్యమైంది. బుద్ధికేమీ లోటు లేదు. మీరో ప్రశ్న అడిగితే అది లోపలికి వెళ్ళాలి, ఆవిడ మాటలు ఏరుకోవాలి, ఏరుకున్నవి పెదవులదాకా రావాలి. ఇంతలో పక్కనున్నవాళ్ళు జవాబు చెప్పేస్తారు. "కాఫీ తాగుతారా?" అంటే "ఆవిడ తాగరండీ" అని కోడలు. "ఎలా వున్నారు?" అంటే "బానే వుందండీ" అని కొడుకు. ప్రేమలేక కాదు. ఆ మధ్యలోని నిశ్శబ్దం భరించడం కష్టం. అతిథి ముందు ఆ పది సెకన్లు పది నిమిషాల్లా వుంటాయి. క్రమంగా ఆవిడ ప్రయత్నించడమే మానేశారు. "పాపం, ఈమధ్య ఏమీ తెలియడం లేదు" అని బంధువులంతా అనుకోసాగారు.

ఆవిడ పేరనున్న ఇల్లు అమ్ముదామన్నారు కొడుకులు. ఆవిణ్ణి అడగలేదనడానికి వీల్లేదు. అడిగారు. ఆవిడ మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం! కాయితాలు తయారయ్యాయి. రిజిస్ట్రారాఫీసుకి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళడం నా వంతుకి వచ్చింది. కాయితం రాసిచ్చిన మనిషిని, ఇది మీరు రాసిచ్చిందేనా అని అక్కడి అధికారి స్వయంగా అడగాలి, చట్టం అది. ఆయన అడిగారు. కొడుకు "అవునండీ" అన్నాడు. ఆయన తలెత్తి, "మిమ్మల్ని కాదు," అన్నారు. కలం బల్లమీద పెట్టి, ఆవిడ మొహంవంక చూస్తూ కూర్చున్నారు. బయట వరసలో జనం. ఫ్యాను చప్పుడు. నిమిషం పైనే అయివుంటుంది. అప్పుడు పెద్దత్తయ్యగారు, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "అమ్మండి. వెనకవాటా... నేనున్నన్నాళ్ళూ... నాది," అన్నారు.

కాయితం మార్చి రాయించుకు రమ్మని పంపించేశారాయన. కొన్నవాళ్ళు నాలుగు రోజులు గొణిగి ఒప్పుకున్నారు. ఆవిడిప్పుడు ఆ వెనకవాటాలోనే వున్నారు. ఆ అధికారి పేరు నాకు తెలియదు. ఆయన చేసిన ఘనకార్యమల్లా కలం కిందపెట్టడమే! కాని ఆ నిమిషం ఆయన లెక్కపెట్టడం మానెయ్యకపోతే, ఒక మనిషి వుండగానే లేనట్టు ముద్ర పడిపోయేది.

ఆలస్యంగా వచ్చే జవాబు సంగతి అది. రెండో సంగతి ఇంతకంటే చిక్కైనది.

రేడియో చరిత్రంతా చదివి, దాన్ని వున్నదున్నట్టు ఒకచోట దాచిపెట్టాకే మార్పులు మొదలుపెట్టాలిట. ఇది మంచి నియమం. ఇంటికి కొత్త కోడలొచ్చినా, ఆఫీసుకి కొత్త అధికారొచ్చినా పాటించదగ్గది. పాత యజమాని ఛానెళ్ళు అందులో ఇంకా వున్నాయి. మా మరిది వాటిని చెరిపేశాడు. అక్కడ మాట్లాడే హక్కు తనకి లేదు. హామ్‌లకి కేటాయించిన 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య కొత్తవి రాశాడు. యంత్రానికేం, ఏ అంకె ఇస్తే అది పుచ్చుకుంటుంది. తగునా, తగదా అన్నది వేళ్ళు తేల్చుకోవాలి.

ఒక్కొక్క గడీ నింపుతూ నాకు అర్థం చెప్పసాగాడు. నాకు ముందుగా నచ్చింది టైమవుటు. మనిషి బొత్తాం నొక్కి ఫలానా సెకన్లకి మించి మాట్లాడితే సెట్టే గొంతు నొక్కేస్తుంది. మైకు సీటుకింద ఇరుక్కుని బొత్తాం నొక్కుకుపోతే, ఆ ఛానెల్లో మిగతా అందరి నోరూ కట్టుపడిపోతుంది కదా, అందుకని పెట్టారట. కారణమేదైనా, మన సాహిత్య సభల మైకులకి ఈ సదుపాయం ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో నాకు అంతుపట్టదు.

అసలు విశేషం టోను. జాగ్రత్తగా వినండి, ఇది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

ఒకే ఫ్రీక్వెన్సీని పదిమంది పంచుకోవలసి వచ్చినప్పుడు, ఒకరి గోల ఇంకొకరి చెవిన పడుతుంది. ట్యాక్సీ డ్రైవరుకి సిమెంటు లారీల మాటలెందుకు? అందుకని ఓ ఉపాయం చేశారు. ప్రతి గుంపుకీ ఒక సన్నని శ్రుతి ఇచ్చారు. మాట అడుగున తంబూరాలాగా ఆ శ్రుతి మోగుతూనే వుంటుంది. 67 హెర్ట్‌జ్ దగ్గర్నుంచి 250 పైచిలుకు దాకా, మాటకి అడ్డురాని మంద్రస్థాయిలో. దాన్ని చెవికి వినపడకుండా వడగట్టేస్తారు. మీ సెట్టుకి 88.5 అని రాశారనుకోండి. ఆ శ్రుతి మోసుకొచ్చిన మాటకే అది నోరు విప్పుతుంది. మిగతా ఎవరు ఎంత అరిచినా గమ్మున వుంటుంది.

దీనికి మోటరోలా వాళ్ళు పెట్టుకున్న పేరు ప్రైవేట్ లైన్. పేరు చూసి, ఇది మనకే సొంతమైన దారి కాబోలు, మన మాట మనవాళ్ళకి తప్ప వినపడదు కాబోలు అనుకుంటారు జనం. నిజం సరిగ్గా తలకిందులు. మీ మాట అందరికీ పోతూనే వుంది. శ్రుతి పెట్టుకోని సెట్టున్న ఎవరైనా హాయిగా వినవచ్చు. ఆ పేరు మీకిచ్చింది ఏకాంతం కాదు, ఇతరులు లేరన్న భ్రమ. వాళ్ళు అక్కడే వున్నారు. మాట్లాడుతూనే వున్నారు. మీ చెవి మూసివుంది, అంతే. ఛానెలు ఖాళీగా వుందనుకుని మీరు బొత్తాం నొక్కి, "సాయంత్రం వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకురండి" అంటారు. సరిగ్గా ఆ క్షణంలో ఆ ఫ్రీక్వెన్సీమీదే ఎవరో, ఎక్కడో, ప్రమాదం జరిగిన చోటు పేరు చెబుతూ వుండవచ్చు. మీ కొత్తిమీర ఆ మాటమీద పడుతుంది. వాళ్ళ పిలుపు నలిగిపోయిన సంగతి మీకు ఏనాటికీ తెలియదు.

మా మరిది ఇది మామూలుగా చెప్పుకుపోయాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. మన జీవితాలు ఇలాగే కదూ గడుస్తున్నాయి! మన కులం, మన జీతం, మన వీధి, మన చదువు. ఆ శ్రుతిలో వచ్చిన మాటే మనకి మాట. మిగతాది నిశ్శబ్దం. పొద్దున్నే అంట్లు తోమడానికొచ్చే అమ్మాయి ముందే ఇంటి గుట్లన్నీ మాట్లాడేసుకుంటాం. ఎవరూ లేరనే కదా! ఆ అమ్మాయి అన్నీ వింటూనే వుంటుంది. ఆవిడ మాట మనకి వినపడదు గాని, మన మాట ఆవిడకి బ్రహ్మాండంగా వినపడుతుంది.

"అయితే వదినా, ఈ టోను తీసిపారెయ్యమంటారా? రోజంతా ఊళ్ళోవాళ్ళ గోల వింటారా?" అన్నాడు మా మరిది.

అక్కడే వుంది ధర్మసంకటం. అందరి మాటా అన్నివేళలా వినడం మనిషికి సాధ్యం కాదు. పది కుక్కర్లు ఒకేసారి కూతపెడితే ఏ ఇల్లాలు ఏ కుక్కరు దింపుతుంది? నేను నవల రాసుకునేటప్పుడు తలుపు వేసుకుంటాను. ఆ తలుపు లేకపోతే నా పాత్రలు నాతో మాట్లాడవు. చెవి మూసుకోవడం పాపమంటే సన్యాసులకి కూడా గతి లేదు. శ్రుతి పెట్టుకోవడాన్ని నేను తప్పు పట్టను. దాన్ని పెట్టుకున్నవాళ్ళు, మాట్లాడబోయే ముందు ఒక్కసారి చెవి తెరిచి చూస్తారా లేదా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకంటే ముందే ఆ సెట్టు తయారుచేసినవాళ్ళకి తోచింది! మైకుని తగిలించడానికి డ్యాష్‌బోర్డు మీద ఓ చిన్న కొక్కెం వుంటుంది. మైకు ఆ కొక్కేనికి వున్నంతసేపూ శ్రుతి కాపలా. మాట్లాడదామని మైకు చేతిలోకి తీసుకోగానే కాపలా తొలగిపోతుంది. ఆ ఫ్రీక్వెన్సీమీద ఎవరున్నా వినపడతారు. ఎవరైనా వుంటే ఆగుతాం. లేకపోతే మాట్లాడతాం. ఎంత మర్యాద! పూర్వం మా తాతగారు వంటింటి వైపు రావాలంటే, నడవలోంచే దగ్గుకుంటూ వచ్చేవారు. ఆడవాళ్ళు సర్దుకునేవారు. అది తనున్నానని చెప్పడం. ఈ కొక్కెం అవతలివాళ్ళున్నారేమో చూసుకోవడం. రెండూ ఒక్క సంస్కారంలోవే.

"అంటే చాటునుంచి వినమనేగా?" అంది మా అమ్మాయి. ఇప్పటి పిల్లలు ఎక్కడ కొట్టాలో అక్కడ కొడతారు. కాదు. తలుపు తట్టి లోపల ఎవరో వున్నారని తెలుసుకోవడం వేరు, తాళం చెవి కన్నంలోంచి చూడడం వేరు. అక్కడ మనుషులున్నారని తెలిస్తే చాలు. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారన్నది నాది కాదు. మా పక్కవాటాలో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే టీవీ గొంతు పెంచేవాళ్ళున్నారు, తగ్గించేవాళ్ళున్నారు. తగ్గించేవాళ్ళలో మళ్ళీ రెండు రకాలు. సరదాకి వినేవాళ్ళూ, దెబ్బలదాకా వస్తోందేమోనని వినేవాళ్ళూ. బయటినుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇక్కడ నియమం పెట్టడం ఎవరి తరమూ కాదని నాకనిపిస్తుంది. ఎవరికి వాళ్ళకే తెలియాలి.

మా మరిది ఈ వ్యసనంలో పడటానికి కారణం ఒక ఆడమనిషి. కంగారుపడకండి. ఆవిడ భారతీప్రసాద్‌గారు. 2004 డిసెంబరులో, మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఓ బృందంతో అండమాన్ వెళ్ళారు. పోర్ట్‌బ్లెయిర్‌లో సెట్టు పెట్టుకుని ప్రపంచం నలుమూలల హామ్‌లతో మాట్లాడుతున్నారు. అండమాన్‌తో మాట్లాడటమంటే హామ్‌లకి అపురూపం. ఒక్క పలకరింపు దొరికితే చాలని ఎగబడతారు. 26వ తేదీ పొద్దున భూకంపం, వెనకే సునామీ. ఫోన్లు పోయాయి. ఆవిడ పలకరింపులు ఆపేసి, ద్వీపాల్లో వున్నవాళ్ళ క్షేమసమాచారాలు బయటి ప్రపంచానికి అందించే పనిలో దిగారు. మా అబ్బాయి క్షేమమా, మా నాన్నగారు దొరికారా అని ఎదురుచూసేవాళ్ళకి ఆ రేడియో మాటే ఆధారమైంది.

అలాంటప్పుడు మిగతా హామ్‌లు చెయ్యగల పెద్ద సాయం ఏమిటో తెలుసా? బొత్తాంమీద వేలు తీసెయ్యడం. ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీగా వుంచి, చెవులు రిక్కించుకు కూర్చోవడం. దూరంనుంచి వచ్చే పిలుపు బలహీనంగా వుంటుంది. గాలి హోరులో కలిసిపోయి, వుందా లేదా అన్నట్టుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే దగ్గరున్నవాళ్ళంతా మాట ఆపాలి. బలమైన గొంతులు ఆగితేగాని బలహీనమైన గొంతు వినపడదని నాకు ఫిజిక్సు చదవకుండానే తెలుసు. నలుగురు తోడికోడళ్ళున్న ఇంట్లో పెరిగాను.

సరే, కొక్కెం సంగతి. ఆ మర్యాద కూడా కంప్యూటరులో ఒక గడీయేనట. వద్దనుకుంటే తీసెయ్యవచ్చు. మైకు ఎత్తగానే గరగరమని వచ్చే చప్పుడు విసుగని చాలామంది తీసేస్తారట. "ఏం పెట్టమంటారు వదినా?" అని మా మరిది అడిగాడు. వుంచమన్నాను. రాసినంతసేపూ కరెంటు పోకూడదు, సగంలో ఆగితే సెట్టు ఎందుకూ పనికిరాకుండా పోవచ్చునన్నాడు. బ్యాటరీలేని ల్యాప్‌టాప్, మా వీధి కరెంటు! మావారు ఇన్వర్టరు దగ్గర కాపలా నిలబడ్డారు. అర నిమిషంలో పని అయిపోయింది. మర్నాడు కారులో సెట్టు బిగించి, మైకుకి చేతికందేచోట కొక్కెం పెట్టారు.

టైమవుటు ఎంత పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి అరవై సెకన్లు రాశాడు. నాకు లైసెన్సు వచ్చిందంటే ముప్పై చాలునంటున్నారు మావారు.